రత్తమ్మ వంతు

మా బర్నబాసుది ఒకచోట కుదురుగా ఉండే ఒళ్ళు కాదు. తెనాలిలో మేళం ముగియకముందే రేపల్లెలో పెళ్ళిళ్ళున్నాయా అని ఆరా తీసేవాడు. తండ్రి పోయాక చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు చేసి, తను పెళ్ళి లేకుండా అలాగే ఉండిపోయాడు. ఆ మాటెత్తితే బాకా తుడుచుకుంటూ లేచిపోయేవాడు. మా పెళ్ళిళ్ళ బ్యాండులో పాటా బాకా అతనివి, డ్రమ్ము నాది, అతని తిక్క భరించడమూ నా వంతే.

పంతొమ్మిది వందల అరవై రెండులో బాపట్ల చేపల బజారులో, గంపలోని చేపల మొప్పలన్నీ ఎత్తి చూసి కొనకుండా కదిలాడని, చేపలమ్మే రామాపురం రత్తమ్మ అతన్ని నలుగురిలో దులిపేసింది. ఆ ఉక్రోషంతో సాయంత్రానికల్లా పాట కట్టాడు.

"రత్తమ్మ నెత్తిన గంప,
రత్తమ్మ నోరొక రంపం!"

ఇంకేముంది! పెళ్ళిపెళ్ళికీ అదే పాట. మాకు పేరొచ్చిందీ దానితోనే, మొహం మొత్తిందీ దానితోనే. కొత్త పాట ఎత్తుకుంటే చాలు, "రంపం, రంపం" అని జనం కేకలు. బర్నబాసుకు ఒళ్ళు మండిపోయేది.

మరి రత్తమ్మ గతి? ఏ వీధిలో గంప దించినా పిల్లలు "రంపం వచ్చిందోయ్" అని వెంటపడేవాళ్ళు. చివరికి చేపల ధర కూడా గట్టిగా చెప్పడం మానేసింది పాపం. నోరెత్తితే పాటెత్తుకుంటారని భయం.

ఒకనాడు వేమూరు పెళ్ళికి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఏరా, పెళ్ళిలో వియ్యాలవారిని ఎగతాళి చేసి పాడితే, ఎదురు పాడటానికి వాళ్ళకి వంతిస్తారా లేదా?"

"ఇస్తారు పిన్నీ," అన్నాడు బర్నబాసు.

"మరి నా వంతేదిరా? మీ మోతలో నా గొంతు ఎవడికి వినపడుద్ది?"

ఆ పూటతో పాట బంద్. "అది లేకపోతే మీరెందుకండీ" అని బేరాలు తప్పిపోయాయి. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అయినా మేం మానితే మాత్రం పిల్లలు మానారా?

డెబ్బై మూడులో రత్తమ్మ తన కొడుకు సింగయ్య పెళ్ళికి మమ్మల్నే పిలిచింది. పందిట్లో మళ్ళీ "రంపం" అని కేకలు. బర్నబాసు బాకా దించేశాడు.

"పాడరా," అంది రత్తమ్మ. "పాడాక ఆ డ్రమ్ములు ఆపించు."

పాడాడు. ఆపాం. ఆవిడ కొంగు దోపి ఎత్తుకుంది.

"ఊరి పెళ్ళిళ్ళకు వీడి బాకా,
ఉసూరుమన్నాడు పెళ్ళే కాక!"

పందిరి గొల్లుమంది. అన్నేళ్ళలో ఆ మాట అతని ముందు ఎవరమూ అనలేదు. బర్నబాసు బల్ల మీద కూలబడ్డాడు, కళ్ళనిండా నీళ్ళు. రత్తమ్మ దగ్గరికొచ్చింది.

"కోపమొచ్చిందా నాయనా?"

"నొప్పిగా ఉంది పిన్నీ."

"నాకూ అలాగే ఉండేదిరా," అని, అతన్ని లేపి మొదటి పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించింది.

ఆ తర్వాత బజారులో ఎవరైనా "రంపం" అంటే, రత్తమ్మ తన చరణం ఎత్తుకుని, ఆపైన చేపల ధర వీధి చివరికి వినపడేలా చెప్పేది. మేమూ పాట మళ్ళీ మొదలుపెట్టాం. ఏ ఊళ్ళో పాడినా, తన చరణం కాగానే బర్నబాసు మా చేత డ్రమ్ములు ఆపించి, రత్తమ్మ చరణం కూడా తనే పాడేవాడు. జనం దానికే ఎక్కువ నవ్వేవాళ్ళు. నాకు చచ్చే చిరాకేసేది.

"నీ మీద నువ్వే పాడుకోవడమేంట్రా, సిగ్గులేదూ?" అన్నాను ఓసారి.

"ప్రతి పెళ్ళికీ ఆవిడ రాలేదు కదరా యోబూ," అన్నాడు. "ఆవిడ వంతు ఇంకెవడు పాడతాడు?"