నేను రాసివ్వని కవిత

ఓర్వలేనితనం గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా రాయచెర్లులో గొర్రెలు కాచుకునేవాళ్ళ ఇంట్లోంచి ఒకడు కవి అయితే, నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

నాకు డిగ్రీ ఉంది. బీరువా నిండా తెలుగు పుస్తకాలున్నాయి. భూమి సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక చేసే పనీ లేదు. పొద్దున్నే కాఫీ తాగి, వరండాలో కుర్చీ వేసుకుని కవిత రాయడానికి కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నానికి నాలుగు ముక్కలు రాసి, నాలుగూ కొట్టేసేవాణ్ణి. అతను అదే పార్కులో కాంట్రాక్టరు కింద ప్యానెళ్ళు కడిగేవాడు. ఒక వరుస కడిగేలోపు ఒక పంక్తి మనసులో అల్లుకుని, వరుస చివర ప్యానెల్ నీడలో కూర్చుని నోటుబుక్కులో రాసేవాడట. అది విని నాకు ఒళ్ళు మండింది. రోజంతా తీరిక ఉన్న నాకు రానిది, చెమటలు కక్కే వాడికెలా వస్తుంది?

ఒకరోజు ఆ నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మాది కర్ణాటకలోని పావగడ తాలూకా; ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అందుకని అతను తెలుగు కవితలన్నీ కన్నడ అక్షరాలతో రాసుకున్నాడు. ఇక్కడ చాలామంది అంతే. అనంతపురంలో ఎవరో మిత్రులు పుస్తకం వేస్తామన్నారట, తెలుగు అక్షరాల్లో కావాలన్నారట.

"నువ్వే రాసియ్యన్నా. మనూర్లో నీకు తప్ప ఇంకెవురికి వస్తాది?" అన్నాడు.

పొగిడేసరికి ఒప్పుకున్నాను. రాస్తూ తప్పులు వెతికేవాణ్ణి. ఎక్కడైనా ఒక పంక్తి నీరసంగా కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సహించేది. అలాంటి పూటలు తక్కువ. నోటుబుక్కు చివర ఒక విడి కాగితం ఉంది:

మా గొర్రెలు నీళ్ళకు అల్లాడిన చేన్లో
అద్దాలకు నీళ్ళు పోస్తాండా.
గొర్రె తాగి తలకాయెత్తి చూసేది.
ఇది తాగదు. నా మొగం నాకే చూపిస్తాది.

ఆ చేను మాది. శెనక్కాయలు పీకాక, ఎరువు కోసం మా నాయన ఈ కవి వాళ్ళ నాయన చేత అందులో గొర్రెల మంద పెట్టించేవాడు. దాని మీద కవిత రావాల్సింది నాకు. కౌలు నాకొస్తోంది, కవిత వాడికొచ్చింది. ఆ కాగితం మడిచి బీరువాలో పుస్తకాల వెనక దోపేశాను. దానికి ఇంకో కాపీ లేదని నాకు తెలుసు.

అతను అడిగినప్పుడు, "విడి కాగితం కదప్పా, యాడో పడిపోయినట్టుండాది" అన్నాను.

"పోతే పోనీలేన్నా. ఇన్ని రాసిచ్చినావు, చాల్దా?" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను రోజూ కాగితం తీసి, ఇందులో అంత ఏముందని చదివేవాణ్ణి. తప్పు పట్టుకుందామని చదివి చదివి కంఠతా వచ్చేసింది.

పుస్తకం వచ్చాక పావగడలో సభ పెట్టారు. "ఈ అన్న లేకపోతే ఈ పుస్తకం లేదు" అని మైకులో చెప్పి, నాకే మొదటి శాలువా కప్పించాడు. అది కప్పుకుని ముందు వరుసలో కూర్చున్నాను. అతను కవితలు చదువుతుంటే ఎవరో లేచి, సోలార్ మీద ఏమన్నా చెప్పమన్నారు.

"ఒకటుండాది, కాగితం పోయింది. గుర్తుండేకాడికి చెప్తా" అన్నాడు.

రెండు పంక్తులు చెప్పాడు. గొర్రె తలకాయెత్తి చూసేదన్నాడు. ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఇది తాగదు. నా మొగం నాకే చూపిస్తాది."

అన్నది నేనే. నోరు జారింది.

"అదేన్నా, అదే!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అవి ఆగాక, నవ్వుతూనే, "కాగితం దొరికిందాన్నా?" అని అడిగాడు.

అవునంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ తను రాసుకున్న మాటే గుర్తురాక అతను నుదురు రుద్దుకోవడం ఇప్పుడే చూశాను.

"పోలేదప్పా," అన్నాను. "నా బీరువాలోనే ఉండాది."

అతని నవ్వు ఆగిపోయింది. తర్వాత పుస్తకం తెరిచి, మిగతా కవితలన్నీ నా వైపు చూడకుండా చదివాడు. ఒక్క మాట తడబడలేదు.