ఒక్కొక్కటే మార్చే పెద్దల్లుడు

ఆ ఇంటి పెద్దల్లుడు ఒకేసారి రెండు మార్చిన పాపాన పోలేదు. కూర చప్పగా ఉంటే నాలుగు రవ్వలు ఉప్పు వేస్తాడు, రుచి చూస్తాడు, నోటుపుస్తకంలో రాస్తాడు. కారం సంగతి ఆ తరవాతే. కొత్త చెప్పులు కొన్న రోజు కుడికాలికి కొత్తది, ఎడమకాలికి పాతది వేసుకుని ఊరంతా తిరిగాడు.

"రెండూ మారిస్తే ఏది కరిచిందో ఎలా తెలుస్తుందండీ అత్తయ్యగారూ?"

"ఎంత నిదానం, నాయనా!" అని అత్తగారు మురిసిపోయి ఇంకో గరిటె వడ్డించేది.

చిన్నల్లుడికి అక్కడే కడుపు రగిలేది. తోడల్లుళ్లిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే కంప్యూటరాఫీసు కాబట్టి ఆ మంటకి సెలవు కూడా లేదు. లెక్కేస్తే అసూయలు అయిదు: ఆ రెండో గరిటె, కిటికీ పక్క కుర్చీ, ముత్యాల్లాంటి దస్తూరీ, ఆఫీసరు చూపించే మర్యాద, ఈ వయసులోనూ రాలని జుట్టు.

ఆ ఆఫీసులో కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరున్నట్టు నడిపించే సాఫ్ట్‌వేరు ఉంది. వర్చువల్ మెషీన్ అంటారట. శుక్రవారం దానికి కొత్త వెర్షన్ ఎక్కించే పని చిన్నల్లుడికి పడింది. ఎక్కించి ఊరుకోవచ్చుగా! తన తెలివీ కనపడాలని అయిదు సెట్టింగులు మార్చేశాడు. సోమవారానికి లోపలి కంప్యూటరుకి నెట్‌వర్క్ లేదు.

"నీ అతితెలివే ఇది!" ఆఫీసరు గయ్యిమన్నాడు. "అన్నీ పాతవి పెట్టేయండి. ఇతని ఉద్యోగం ఖాయం చేసే కాగితం సంగతి సాయంత్రం తేలుస్తా."

పెద్దల్లుడు నోటుపుస్తకం తెరిచాడు. "అన్నీ ఒక్కసారే వద్దండీ. ఒక్కొక్కటే."

మొదటి సెట్టింగు వెనక్కి మార్చాడు. నెట్‌వర్క్ రాలేదు. పైకి చదువుతూ రాసుకున్నాడు. రెండోదీ అంతే. చుట్టూ చేరినవాళ్లు ఒక్కో తప్పూ వింటుంటే చిన్నల్లుడికి నడివీధిలో చొక్కా గుండీలు ఊడదీస్తున్నట్టుంది.

"అన్నయ్యా, ఇంకా ఎంతసేపు నా పరువు తీస్తావు?"

"మూడోది, తమ్ముడూ. కదలకు."

అయిదూ అయ్యాయి. ఆఖరికి కొత్త వెర్షన్‌తో వచ్చిన నెట్‌వర్క్ డ్రైవర్ తీసేసి పాతది పెట్టాడు. లోపలికీ బయటికీ మధ్య కబుర్లు మోసే ప్రోగ్రాము అది. నెట్‌వర్క్ వచ్చేసింది! అందరూ చప్పట్లు.

"సరే, ఇక లేవండి," అన్నాడు ఆఫీసరు.

పెద్దల్లుడు లేవలేదు. చిన్నల్లుడి అయిదు సెట్టింగులూ మళ్లీ ఒక్కొక్కటే పెట్టడం మొదలెట్టాడు.

'బాగైందాన్ని మళ్లీ కెలుకుతున్నాడు! పేరు చాల్లేదు కాబోలు!' చిన్నల్లుడు పళ్లు నూరాడు.

అయిదూ పెట్టినా నెట్‌వర్క్ చెక్కుచెదరలేదు. పెద్దల్లుడు నోటుపుస్తకం ఆఫీసరు ముందుకి తోశాడు.

"చూడండి. మావాడు మార్చినవాటిలో ఒక్కటీ తప్పు లేదు. లోపం కొత్త డ్రైవర్‌ది. డ్రైవర్‌తో సహా అన్నీ ఒకేసారి వెనక్కి మార్చుంటే నింద వీడి నెత్తిన ఉండిపోయేది."

ఆఫీసరు చిన్నల్లుడి ఉద్యోగం ఖాయం చేసే కాగితం తెప్పించి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక పెద్దల్లుడి పళ్లెంలో అత్తగారు రెండో గరిటె ఒంపింది. చిన్నల్లుడు ఉప్పుడబ్బా అందించాడు.

"నాలుగు రవ్వలే, అన్నయ్యా. రుచి చూసి రాసుకో."

"ఏంటి తమ్ముడూ, ఇవాళ ఇంత మంచిగా ఉన్నావు?"

"నా అయిదు అసూయల్లో ఒకటి తీసేశాను. ఎలా ఉంటుందో చూసి మిగతావి తీస్తా."

జుట్టు సంగతి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకున్నాడు.