దేశానికి పడిన మార్కులు

మా పక్కింటి సార్ పోయారు. మంగళవారం పొద్దున వాళ్ళ కూతురు ఫోన్ చేసి చెప్పింది. "ఇగ నా డౌట్లు ఎవరిని అడగాలె?" అంటూ మా బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

సార్ బ్యాంకులో తనిఖీ అధికారిగా చేసి రిటైరయ్యారు. ఇక్కడ మా తుకుం పేటలో పేపరు తెప్పించుకుని, బ్యాంకు వార్త కనిపిస్తే చాలు, దాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకాలు పెట్టేవారు. "సమజైందనుకున్నప్పుడే ఇంకోసారి అడగాలె" అనేవారు. ఈలోగా టీ చల్లారిపోయేది.

ఒకసారి ఉత్సాహంగా వచ్చారు. విదేశీ నిపుణులు మన బ్యాంకు నియమాలను అంతర్జాతీయ ప్రమాణాలతో పోల్చి, సరిపోతున్నాయని తేల్చారట. "వాళ్ళు అడిగింది వందకు ఎనిమిది, మనోళ్ళు పెట్టింది తొమ్మిది!"

"ఏం ఎనిమిది సార్?" అన్నాడు బాపు.

"బ్యాంకు ఇచ్చిన అప్పులను రిస్కును బట్టి తూకమేస్తరు అన్నా. అండ్ల వందకు తొమ్మిదన్నా బ్యాంకు సొంత సొమ్ము ఉండాలె. అప్పులు మునిగితే ముందుగాల గదే పోవాలె, నీ డిపాజిట్ కాదు."

బాపు అప్పుడే మాజ్రి బొగ్గు గనిలో రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బుతో ఇల్లు కట్టాలని ఆశ. ఒక చిన్న సహకార బ్యాంకు వడ్డీ ఎక్కువిస్తోంది, పెట్టొచ్చా అని అడిగాడు. "పెట్టు అన్నా, ఫికర్ చెయ్యకు. మన నియమాలు పాసైనయ్" అన్నారు సార్.

బాపు పెట్టాడు. తర్వాతి ఏడాది ఆ బ్యాంకు మునిగి, ఎవరినీ డబ్బు తీసుకోనివ్వలేదు. బీమా కింద ఐదు లక్షలు వచ్చాయి. మిగతాది ఇంకా రాలేదు.

సార్ నాలుగు రోజులు కనిపించలేదు. ఐదో రోజు కాగితాలు పట్టుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. "తప్పు నాదే అన్నా. గా పరీక్ష పెద్ద బ్యాంకుల నియమాలకు పెట్టింది. నీ బ్యాంకు అండ్ల లేనేలేదు. వాళ్ళు చూసింది గూడ రాసిన నియమాన్నే, ఏ బ్యాంకు పాటిస్తుందో చూడలే. నా పింఛన్ల నుంచి నెలనెలా ఇస్త."

నాకు ఒళ్ళు మండిపోతోంది. బాపు మాత్రం, "మీరు చెప్పింది దేశం ముచ్చట సార్. నేను విన్నది నా పైసల ముచ్చట. మీ పింఛనొద్దు. గిదంతా నాకు నేర్పుండ్రి" అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ కూర్చునేవారు. కొన్నాళ్ళు నేను టీ కప్పు ఆయన ముందు ఠప్పున పెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు బాపు అడిగాడు: "గవర్నమెంటుకిచ్చిన అప్పుకు తూకం సున్నా అంటరు. ఎందుకు? గవర్నమెంటు మునగదా?" సార్ భుజాలు అదిరేలా నవ్వి, "గిది నాక్కూడ పూరా తెల్వదు అన్నా. చదువుదాం పట్టు" అన్నారు. తెలియదని అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. నా కోపం ఎప్పుడు పోయిందో గుర్తులేదు గానీ, పోయింది.

సమాధి దగ్గర పాస్టరు గారు బాపును రెండు మాటలు చెప్పమన్నారు.

"నా పైసలు మునిగింది ఈయన మాట వినే. గా మాట తప్పు అని ఇంటికొచ్చి చెప్పింది గూడ ఈయనే" అన్నాడు బాపు.

అందరూ ఒక్కొక్కరుగా మట్టి వేసి పక్కకు జరుగుతున్నారు. బాపు వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. వేయలేదు. వెనక జనం ఆగారు. పిడికిలి అలాగే బిగించి, గుంతలోకి చూస్తూ నిలబడిపోయాడు.