దండ వేసిన నా ఫొటో

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండీ నిండకముందే, దండ వేసి ఉన్న నా ఫొటోను నేనే కళ్ళారా చూశాను. ఈ మాట చెబితే మా మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. అరవై ఏళ్ళు దాటినా, ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గోడ మీద దండ వేసిన పటం కనిపిస్తే, ఆ ముఖం నాది కాదు కదా అని ఒకసారి చూసుకుంటాను.

మా మేనమామకు మార్కాపురంలో ఫొటో స్టూడియో ఉండేది. అప్పటికి కొత్త జిల్లా ఏర్పడలేదు, మేమింకా కర్నూలు జిల్లావాళ్ళమే. మామయ్యకు భక్తి ఎక్కువ. పొద్దున్నే చెన్నకేశవస్వామి పటం ముందు అగరుబత్తి వెలిగించి, దాన్నే కెమెరా చుట్టూ మూడుసార్లు తిప్పేవాడు. కెమెరా స్టాండు మూడు కాళ్ళకూ బొట్లు పెట్టేవాడు. అంత భక్తిపరుడూ చిన్నపిల్లలు ఎదురుగా కూర్చుంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. నల్లగుడ్డ కింద తల దూర్చి కప్పలాగా బెకబెకమనేవాడు. పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు, ఆయన టక్కున తీసేసేవాడు. ఆయన తీసిన ఏ పిల్ల ఫొటో చూసినా పళ్ళు కనపడాల్సిందే.

ఒకరోజు ఆయనే మా ఇంటికొచ్చి నన్ను స్టూడియోకి తీసుకుపోయాడు. సంచిలోంచి గళ్ళ పావడా, జాకెట్టు తీసి వేసుకోమన్నాడు. నాకు కాస్త పొడుగైంది. దిష్టి చుక్క పెడతానని కాటుక తీశాడు. దిష్టి చుక్క బుగ్గ మీద ఇంత పెడతారు కదా, ఆయన మాత్రం పుల్ల మొనతో కింది పెదవి కింద చిన్న చుక్క పెట్టి, వెనక్కి జరిగి చూసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. కప్పలా అరవలేదు. "నోరు మూసుకో పాపా, పళ్ళు కనపడనియ్యొద్దు" అన్నాడు. తీయడం అయిపోయాక, చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పోయి ప్రదక్షిణలు చేసి వచ్చాడు. నాకు కొత్త బట్టల ఫొటో పడిందన్న సంబరమే తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఆ ఫొటో నాకెప్పుడూ చూపించలేదు. అడిగితే చెడిపోయిందన్నాడు.

దసరా సెలవుల్లో ఆయన పెద్దారవీడు దగ్గర ఒక పల్లెకు గృహప్రవేశం ఫొటోలు తీయడానికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. మళ్ళీ అడిగితే కసిరాడు. ఎప్పుడూ కసరని మనిషి కసిరేసరికి నా మొండితనం రెట్టింపైంది. చివరికి మా అమ్మే, పిల్ల ముచ్చటపడుతోంది తీసుకుపొమ్మని ఆయన చేయి పట్టించింది.

పని ముగిసి బస్సు కోసం రోడ్డుకు నడుస్తుంటే ఒక రైతు ఎదురొచ్చి మామయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంత దూరం వచ్చి మా ఇంటికి రాకుండ పోతావా అన్నా? మజ్జిగన్నా తాగి పో." బస్సు పోతుందని మామయ్య అన్నాడు. "పోతే ఇంకోటి వస్తాది" అని ఆయన మామయ్య భుజాన ఉన్న సంచి లాక్కుని ముందు నడిచాడు. నేను చెప్పు తెగి వెనకాల కుంటుకుంటూ వస్తున్నాను. ఆయన నన్ను చూడనే లేదు. మామయ్య నన్ను అరుగు మీదే కూర్చోమన్నాడు. దాహమైతే అరుగు మీద ఎవరు కూర్చుంటారు?

లోపలికి అడుగు పెట్టగానే ఎదురు గోడ మీద నేనున్నాను. గళ్ళ పావడా, పెదవి కింద చుక్క. మెడలో బంతిపూల దండ. కింద దీపం.

చచ్చిపోయినవాళ్ళకే దండ వేస్తారని నాకు తెలుసు. నేను ఎప్పుడు చచ్చిపోయానో, నాకెందుకు చెప్పలేదో అర్థం కాలేదు. "మామా, అది నేనే" అని గట్టిగా అనేశాను.

రైతు అప్పుడు తిరిగి నన్ను చూశాడు. నన్నూ, పటాన్నీ, మళ్ళీ నన్నూ చూశాడు. అదే క్షణంలో ఆయన భార్య మజ్జిగ చెంబుతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆమెకు అడ్డంగా నిలబడబోయాడు, కానీ అప్పటికే ఆమె నన్ను చూసేసింది.

వాళ్ళకు నా ఈడు కూతురు ఉండేదట. జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. తల్లి అన్నం మానేస్తే, ఆ తండ్రి కూతురి పావడా పట్టుకుని మార్కాపురం దాకా వచ్చి, ఎట్లాగైనా ఫొటో చేసిమ్మని మామయ్య దగ్గర ఏడ్చాడు. పెదవి కింద మచ్చ ఉంటుందని, ముందు పన్ను విరిగిందని చెప్పాడు. ఎప్పుడో బడి దగ్గర తీసిన ఫొటో దొరికిందని భార్యకు చెప్పి తెచ్చిచ్చాడు. ఆ అబద్ధాన్ని నేను ఒక్క మాటతో బయటపెట్టేశాను.

ఆమె చెంబు కింద పెట్టింది. "నాకు తెలుసులే తల్లీ" అంది, చాలా మామూలుగా. "నా బిడ్డ మొకం నాకు తెలీదా? పావడా నా బిడ్డదే. లోపలున్న పిల్ల ఎవురో అనుకున్నా." తర్వాత మామయ్యతో, "ఈయన అంత దూరం పోయి తెచ్చినాడన్నా. నేను కాదంటే ఈ మనిషి ఏమైపోతాడో అని ఆ పొద్దు అన్నం తిన్నా" అంది.

ఆ రైతు గుమ్మంలోనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. మగవాడు అట్లా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మామయ్య పటం దించి తీసుకుపోతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నా. ఈ దండ ఈయన ఏస్తాంటే నేను ఊరకున్నా. ఏ తల్లి కన్న బిడ్డో, నిండు నూరేండ్లు బతకాల్సిన పిల్ల" అంటూ తన చేత్తోనే దండ తీసేసింది. దీపం కూడా పక్కకు జరిపింది. నా తల నిమిరి మజ్జిగ తాగించింది.

బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి, నేను చచ్చిపోతానా అని అడిగాను. ఎప్పుడూ ఏదో ఒక అల్లరి చేసే మామయ్య సంచి కింద పెట్టి నా వైపు తిరిగాడు. "నిన్ను అడగకుండా తీసినాను పాపా. ఆయన ఏడుపు చూసి నీ సంగతి మర్చిపోయినాను. తప్పు నాదే" అన్నాడు. ఒక పెద్దాయన నాతో తప్పు నాదే అనడం అదే మొదటిసారి. నేరుగా గుడికి తీసుకుపోయి నా పేరున అర్చన చేయించాడు. మా అమ్మకు కూడా తనే చెప్పి, నెల రోజులు తిట్లు తిన్నాడు. ఆ తర్వాత ఎవరి ఫొటో తీయాలన్నా, పాలు తాగే బిడ్డనైనా సరే, "తియ్యనా?" అని అడగందే నల్లగుడ్డ కప్పుకోలేదు. ఒకరి మీద జాలితోనైనా ఇంకొకరిని అడగకుండా వాడుకోకూడదని నేను ఆయన తప్పులోంచే నేర్చుకున్నాను.

ఆ తల్లి మాత్రం ప్రతి ఏడూ స్వామి తేరుకు వచ్చి, మా ఇంటికొచ్చి, నన్ను గోడకు ఆనించి నిలబెట్టి చూసుకునేది. "నా బిడ్డ ఈ పాటికి ఇంత ఉండేది" అని తనలో తను అనుకుని, రిబ్బను ముక్కో గాజులో చేతిలో పెట్టి పోయేది. మొదట్లో భయపడి దాక్కునేదాన్ని. తర్వాత్తర్వాత, ఆమె వచ్చే వేళకు నేనే తల దువ్వుకుని ఎదురుచూసేదాన్ని. నా పెళ్ళికి వచ్చి, ఒక మూల నిలబడి అక్షింతలు వేసింది.

ఆమె పోయాక ఆ పటాన్ని రైతు నాకే పంపాడు. ఇప్పుడు మా హాల్లో ఉంది. మా పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. నేను పోయాక ఏ ఫొటో పెట్టుకుంటారో మీ ఇష్టం. ఆ గళ్ళ పావడా ఫొటోకు మాత్రం దండ వేయొద్దు. దాని మీది దండను ఒక తల్లి తన చేత్తో తీసేసింది.