అవసరానికి దాచిన పెట్రోలు

మా నాన్న దాచడంలో ఘనుడు. కొత్త దుప్పటి చుట్టాలొస్తే తియ్యాలి, కొత్త గొడుగు పెద్ద వానొస్తే తియ్యాలి. ఇంట్లోకి ఏ మంచి వస్తువొచ్చినా నేరుగా ట్రంకుపెట్టెలోకే పోయేది. "అవసరానికి ఉండనీయే" అనేవాడు. ఆ అవసరం ఎప్పుడొస్తుందో ఆయనా చెప్పలేదు, మేమూ చూడలేదు. అమ్మ పట్టుచీర నా పెళ్ళికని దాచారు. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఆ చీర ఒక్కసారీ కట్టకుండానే పోయింది.

నాన్నది శ్రీకాకుళం వైపు. బెంగాల్ వచ్చి, గార్డెన్ రీచ్ ఓడరేవు డాకుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. మేముండేది ఆ పక్కనే, వాట్‌గంజ్‌లో. ఆయనకి కిడ్నీలు పాడై వారానికి రెండు డయాలిసిస్‌లు మొదలయ్యాక, మా సందులోకి రానని మొహం తిప్పుకునే టాక్సీలతో పోట్లాడి పోట్లాడి, ఇక కారు కొనేద్దామనుకున్నాను.

"కరెంటుది కొనే" అన్నాడు నాన్న. కరెంటంటే ఆయనకి సొంత తమ్ముడు.

"దారిలో చార్జింగయిపోతే నువ్వు తోస్తావేటి?" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో బదిలీ మీద వెళ్తున్న ఒక పెద్దాయన తన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అమ్మకానికి పెట్టాడు. ఇంట్లో ప్లగ్గు పెడితే కొంత దూరం కరెంటు మీద పోతుంది, అదైపోతే పెట్రోలు మీద. ఊళ్ళో కొనేవాడే లేడు. మా తండ్రీకూతుళ్ళ తగువు తీరిందని తీసేసుకున్నాను.

సర్వీసుకి తీసుకెళ్తే తెలిసింది అసలు సంగతి. షోరూమాయన, "దిదీ, ఇలాంటివి మేం అమ్మం, ఎవరూ అడగరు" అన్నాడు. మెకానిక్కులు బానెట్ ఎత్తి, నారింజరంగు లావుపాటి తీగలు చూసి, పాముని చూసినట్టు వెనక్కి జరిగారు. చెన్నై నుంచి మనిషి రావాలట, ఆరునెల్లకోసారి వస్తాడట. నాకు ఒళ్ళు మండింది. "రోగి బెంగాల్లో, డాక్టరు మద్రాసులోనా!" అని అక్కడే అరిచాను. నాన్న మాత్రం మహా సంబరపడ్డాడు. డాకు వదిలాక ఆయనకో పని దొరికింది. కింద మీటరు నుంచి లావు వైరు లాగి, ఎర్తు వేరేగా వేసి, పదహారు ఆంపియర్ల ప్లగ్గు బిగించాడు. రోజూ సాయంత్రం ఆయనే చార్జింగ్ పెట్టేవాడు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు.

పెట్రోలు టాంకు నిండా కొట్టించాం. "అది ముట్టకు. అవసరానికి ఉండనీ" అన్నాడు. ఆస్పత్రి దగ్గరే కాబట్టి ఏడాది దాటినా చుక్క పెట్రోలు ఖర్చవలేదు. ఒకరోజు డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది.

"ఏటే అది?"

"ఇంజను తిప్పమంటోంది నాన్నా."

"దాని మొకం. పెట్రోలు తాగాలని దానికి ఆశ. నొక్కీ, ఆరిపోద్ది."

నొక్కి దీపం ఆర్పేశాను. చదువుకున్నదాన్ని, నా బుద్ధేమైందో!

ఆ వేసవి చివర తుపానొచ్చింది. ఊరంతా చెట్లు కూలి, కరెంటు పోయింది. ఉక్కపోతకి నాన్న తట్టుకోలేకపోతుంటే కార్లో ఏసీ వేసి కూర్చోబెట్టాను. రెండోరోజుకి చార్జింగ్ అడుగంటితే బండి ఆపేశాను. పోన్లే, పెట్రోలుంది కదా అనుకున్నాను. మూడోరోజు పొద్దున్న డయాలిసిస్. నాన్న కాళ్ళు పొంగాయి, ఆయాసం. బటన్ నొక్కితే ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. టాక్సీ లేదు, అంబులెన్సు ఫోనెత్తదు. నాకు ఏడుపొచ్చింది.

సందు చివర గ్యారేజీ మెకానిక్కుని లాక్కొచ్చాను. సందంతా ఆయన్ని అన్నయ్య వరసలో దాదా అంటారు. ఆయన టాంకు మూత తీసి వాసన చూసి, "పచే గేఛే, దిదీ" అన్నాడు. కుళ్ళిపోయిందట. పెట్రోలు నిలవుంటే కుళ్ళుతుందని నాకేం తెలుసు? నాన్న మెట్టు మీద కూర్చుని, రొప్పుతూనే, ఏ తీగ ముట్టకూడదో దాదాకి బెంగాలీలో చెప్తున్నాడు. పాత పెట్రోలంతా డబ్బాల్లోకి తోడారు. కరెంటు లేక బంకులు పనిచెయ్యడం లేదు. సందులో వాళ్ళు తలా ఒక సీసా, తమ బైకుల్లోంచి తీసి తెచ్చి పోశారు. నాలుగోసారికి పొగ కక్కుతూ ఇంజను అందుకుంది. రెండు గంటలు ఆలస్యంగా ఆస్పత్రికి చేరాం. నర్సు చెడామడా తిట్టింది. నాన్న బతికాడు.

తిరుగుదారిలో ఖిదిర్‌పూర్ వంతెన దాటాక నాన్న అన్నాడు: "డాకులో పంపు ఇంజను ఉండేది. పనుండనీ లేకపోనీ, శనివారం శనివారం పది నిమిషాలు తిప్పేవోణ్ణి. ఊరికే ఉంచితే పాడైపోద్దని నాకు తెల్దేటే? ఇంట్లో మట్టుకు అన్నీ దాచీసినాను." అని ఏడ్చాడు. "మీ అమ్మని ఒక్కపాలైనా ఎక్కడికీ తీసుకెల్లలేదే. రిటైరయ్యాక ఎల్దారి అన్నాను."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇంజను తిప్పే పని పెట్టుకున్నాం. డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని, గంగ వెడల్పయ్యేదాకా పెట్రోలు మీదే పోయేవాళ్ళం. మొదటి ఆదివారం బయల్దేరుతుంటే, "మీ అమ్మ చీర కట్టుకో" అన్నాడు. పెట్టె తీసి విప్పితే మడతల వెంబడి చీర చిట్లిపోయి ఉంది. నాన్న ఆ చిరుగుల మీద వేలితో రాసి, "కట్టీ. చిరుగు లోపలికి దోపీ" అన్నాడు. కట్టుకున్నాను. దారంతా ఆయన అమ్మ కబుర్లే చెప్పాడు. నాకు తెలియని అమ్మ ఎంత ఉందో ఆ ఆదివారాల్లోనే తెలిసింది. అలా మాకు పదకొండు నెలలు దక్కాయి.

మొన్న చెన్నై మనిషొచ్చి బండి చూసి, "ఒక్కరే ఉంటారు కదమ్మా, పెట్రోలు ఇంత వాడుతున్నారేంటి?" అన్నాడు. ఆదివారాలు తిరుగుతానన్నాను. చీరకి కొత్తగా ఇంకో రెండు చోట్ల చిరుగులు పడ్డాయి. ఈ ఆదివారమూ అదే కడతాను. చిరిగితే చిరగనీ.