ఎద్దును ఎంచినట్టు జీపు ఎత్తు ఎంచాం

ఆషాఢ మాసం చివరి శుక్రవారం, పొద్దున ఏడుంపావు గంటకు, మా పెద్దక్క తన ఇంటి ముందర నిలబెట్టిన నా జీపును కింది నుంచి మీదికి చూసి, "ఇది జీపా, మిద్దెనా?" అని అడిగింది. ఆ రోజుల్లో నాకు అరవై నిండాయి గానీ బుద్ధికి ఇరవై కూడా నిండలేదు. వయసులో ఉండగా గొడ్ల వెంట, కూలి వెంట తిరిగి కుర్రతనాన్ని వాడుకోనే లేదు కాబట్టి అది అట్లాగే మిగిలిపోయి ముసలితనంలో బయటపడింది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, ఆ తర్వాత లైసెన్సు తీసుకున్నాను, ఆ వెంటనే ఒక పాత జీపు కొన్నాను. మనుషులకు ఇరవైలో పట్టే పిచ్చులన్నీ నాకు అరవైలో వరసగా పట్టాయి.

ఆ జీపు షోకుకు తెచ్చింది కాదు. తెల్లవారితే పాల క్యాన్లు పుంగనూరుకు, కాపు ఉన్న రోజుల్లో టమోటా బాక్సులు మదనపల్లె మార్కెట్టుకు, వారానికి రెండు మార్లు, కిడ్నీలు చెడిన అక్కను రక్తం కడిగించడానికి కుప్పానికి. (దగ్గర్లోనే చూపించుకోవచ్చు కదా అంటే వినేది కాదు. కుప్పంలో ఉన్న డాక్టరమ్మ, చనిపోయిన మా చెల్లెలి పోలిక అట.) మా ఊరికీ తార్రోడ్డుకూ నడుమ ఒక వంక ఉంది. ఆ వంక మధ్యలో పడుకున్న గొడ్డు వీపులాగా ఒక బండ. అంతకు ముందు కార్తీకంలో మా బావకు గుండె నొప్పి వచ్చి ఆస్పత్రికి తీసుకుపోతుంటే, వానకు ఇసుక కోసుకుపోయి, జీపు కడుపు ఆ బండ మీద కూర్చుండిపోయింది. చక్రాలు ఊరికే తిరిగాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి అందరం తోశాం. "నన్ను దించండప్పా, బండి తేలికైతాది," అన్నాడు బావ. అదే ఆయన చివరి మాట. జీపు బండ దిగేసరికి ఆయన లేడు. (బండను పగలగొట్టలేకపోయారా అని అడిగేవాళ్ళకు ఒక మాట: అది కొండ మొన. పగలగొట్టే కొద్దీ కింద ఇంకోటి ఉంటుంది.)

ఆ వంకలో బావను పోగొట్టుకున్నట్టు అక్కను పోగొట్టుకోకూడదని నాకు పట్టుదల పట్టింది. వానలు ముదిరే లోపల జీపును ఎత్తు చేయించాలి. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కాళ్ళున్నది ఏది తెచ్చుకోవాలన్నా ఎంచగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకుపోకుండా తేము. మా ఊళ్ళో ఆ పెద్దమనిషి సంత చిన్నాయన. పుంగనూరు సంతలో ఆయన చెయ్యి వెయ్యని ఎద్దు లేదు. జీపుకు కాళ్ళు లేవు కదా అని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆయన్నీ, బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన అక్క కొడుకునూ ఎక్కించుకుని మదనపల్లెలో కమాన్ల భాయి షెడ్డుకు పోయాను. (కమాన్లంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు. ఆ బోర్డును నేను కూడబలుక్కుని చదివే లోపల వాళ్ళిద్దరూ లోపలికి పోయి టీ కూడా తాగేశారు.)

భాయి జీపు కిందికి దూరి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "దినామూ తోలే బండికి రెండంగుళాలు సాలన్నా. నాలుగు పెట్టల్లంటే లోపల కూసునేవాళ్ళను అడిగి పెట్టల్ల. ఆరంటారా, అది ఆదివారం బురదలో ఆడుకునే పిలకాయలకు."

"ఆరే పెట్టిద్దాం మామా," అన్నాడు మేనల్లుడు ఫోను నా ముక్కు మీదికి తెచ్చి. "ఈ ఈడియో సూడు, ఏట్లోనే ఎట్లా పోతాండాదో."

చిన్నాయన ఫోను వైపు చూడనే లేదు. జీపు చుట్టూ రెండు చుట్లు తిరిగాడు. బానెట్టు మీద మూపురాన్ని తట్టినట్టు తట్టాడు. చక్రానికీ రేకుకూ మధ్య జాన పెట్టి కొలిచాడు. గొంతుక్కూర్చుని కడుపు కింద చూశాడు. ఆ తర్వాత వెనక్కు పోయాడు (తోక పట్టి చూస్తాడేమోనని నేను ఎదురు చూశాను). చివరికి తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని తీర్పు చెప్పాడు.

"మన పుంగనూరావు ఉండాది సూడు, పొట్టిది. పాలకు మేలు. వంకలో బరువు లాగమంటే లాగుతాదా? రెండంగుళాలంటే ఆవప్పా అది. ఆరంటే ఒంటె. నాలుగు పెట్టు. నాలుగంటే ఎద్దు."

భాయి కొంచెం నసిగాడు. "సరే పెద్దాయనా. దీంట్లో ఎక్కేదెవురు?"

"ఎద్దు మీద ఎవురెక్కుతారప్పా!" అన్నాడు చిన్నాయన జాలిగా చూసి.

అంతటితో ఆ విచారణ ముగిసింది. వారం వారం ఆ జీపు ఎక్కే మనిషి ఇంట్లో మందులు మింగుతూ కూర్చుని ఉందన్న సంగతి, ఎద్దు మాటల్లో పడి ముగ్గురం మరిచాం.

శుక్రవారం పొద్దున, కొత్త ఎద్దును ఇంటి ఇల్లాలికి చూపించినట్టే జీపును అక్క ముందర నిలబెట్టాం. ఎంత నీరసంగా ఉన్నా మర్యాద తప్పే మనిషి కాదు. పసుపు నీళ్ళు కలిపిన చెంబు తెచ్చి, ఎద్దు కాళ్ళకు పోసినట్టు నాలుగు టైర్లకూ పోసింది. కుంకుమ పెట్టబోతే బానెట్టు అందలేదు. బంపరుకు పెట్టి సరిపెట్టింది. ఆ తర్వాత ఎక్కబోయింది. మెట్టు ఆమె నడుము దగ్గర ఉంది. కాలెత్తితే చీర అడ్డం వచ్చేది, చీర ఎత్తిపట్టుకుంటే చెయ్యి కమ్మీని వదిలేది. పీట వేస్తే పీట ఊగింది. పదింటికల్లా కుప్పంలో ఉండకపోతే ఆమె వంతు పోతుంది. అప్పటికే ఆమె కాళ్ళు నీరు పట్టి బోదకాళ్ళలాగా ఉన్నాయి.

"అమ్మా, నేనెత్తుకుంటా రా," అని కొడుకు చేతులు చాపాడు.

"తాకొద్దు. మీ నాయన్ను అట్లే ఎత్తి ఎక్కించినారు. దించేటప్పుడు మనిషి ల్యా."

కొడుకు చేతులు దించేశాడు. చిన్నాయన మాత్రం టైరును చూస్తూ, "ఎత్తయితే బాగుండాది," అన్నాడు మెల్లగా.

"బాగుండాది సిన్నాయనా, శానా బాగుండాది. పోటీకి తోలుకోపోండి, మెడలో గంట కట్టిస్తారు," అంది అక్క. కాసేపు ఊపిరి తీసుకుని నా వైపు తిరిగింది. "రేయ్, లారీకి గొడ్లనెక్కిస్తారే, ఆ దిబ్బ కాడికి తోలు. నేను నడిసొస్తా."

సంతకు పోయే గొడ్లను లారీలోకి తోలడానికి మా ఊరి చివర మట్టితో వేసిన దిబ్బ ఒకటి ఉంది. ఒక వైపు వాలుగా ఎక్కడానికి, ఇంకో వైపు నిటారుగా లారీ ఆనించడానికి. జీపును దానికి వెనక్కి ఆనించాను. అక్క కొడుకు భుజం పట్టుకుని, నాలుగడుగులకొకసారి నిలబడుతూ, ఆ వాలు ఎక్కి వచ్చింది. అంచు దగ్గర ఒక్క క్షణం వెనకాడేసరికి, యాభై ఏళ్ళ అలవాటు కొద్దీ చిన్నాయన నోట "హెయ్, హెయ్" అని వచ్చేసింది.

"తోక గూడా మెలిపెట్టు సిన్నాయనా, మొగమాటం యాల!" అంది అక్క జీపులో అడుగుపెడుతూ. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు.

వంక దగ్గర నేను వేగం తగ్గించాను. రాత్రి వానకు నీళ్ళు పారుతున్నాయి, బండ వీపు కనిపిస్తోంది. చక్రాలు దాని అటూ ఇటూ దిగాయి. కింద ఏదీ తగల్లేదు, రాసుకున్న చప్పుడు కూడా లేదు. అక్క తల బయటికి పెట్టి, జీపు కింద నుంచి వెనక్కి పోతున్న బండనే చూస్తూ కూర్చుంది. గట్టెక్కాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను గేరు మార్చుకుంటూ రోడ్డును చూశాను.

మిగతా దారి గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎత్తయిన జీపు ప్రతి మలుపులో తాగినవాడిలాగా పక్కకు ఒరిగేది. పట్టీలు గట్టివి కావడంతో చిన్న గుంతకు కూడా ఎగిరిపడేది. "మజ్జిగ సిలికినట్టు సిలుకుతాండావు గదరా, కడగడానికి నా వొంట్లో రగతం మిగుల్తాదా?" అని శాంతిపురం దాటేదాకా తిట్టింది. ఆస్పత్రిలో దిబ్బ లేదు కాబట్టి, స్ట్రెచర్లు పోయే అరుగుకు జీపును ఆనించాను. వాచ్‌మన్ కేకలేస్తూ వచ్చాడు.

"ఈడ యాల పెట్టినావప్పా? అంబులెన్సు జాగా ఇది!"

"అరవొద్దు నాయనా," అంది అక్క లోపల నుంచి. "గొడ్డును దించినంత సేపే."

ఆ సాయంత్రం తిరిగి వస్తూ చెప్పాను: "అక్కా, రేపే భాయి కాడికి పోయి రెండంగుళాలకు దించేయిస్తా." ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను. వంక దాటాక అంది: "ఉండనీ. ఎక్కేది నేను గదా, నా తిప్పలు నేను పడతా. ఆ బండకు తగలకుండా ఉంటే సాలు." భాయి చెప్పినట్టు లోపల కూర్చునే మనిషిని ఆ రోజే అడిగినట్టయింది.

టమోటాలు చితికాయి, పాలు వెన్న తేలాయి, జీపు ఎత్తు మాత్రం తగ్గలేదు. ఆ తర్వాత రెండు వానాకాలాలు అక్క ఆ దిబ్బ మీదుగానే ఎక్కింది. జీపు వంకలో ఒక్కసారీ ఆగలేదు. ఆమె ప్రాణం వంకలో పోలేదు. కుప్పంలో, డాక్టరమ్మ చెయ్యి పట్టుకునే పోయింది. బావ పక్కన పూడ్చాలంటే వంక అవతల చేనికి పోవాలి కాబట్టి, ఆమెను నా జీపులోనే తీసుకుపోయాం. చేను గట్టు మీద జీపు నిలిపి, కింద నిలబడి వెనక తలుపు తీశాను. పాడె అట్లాగే జారి మా భుజాల మీదికి వచ్చింది. ఎవరూ వంగే పని పడలేదు, ఎవరూ ఎత్తలేదు. చిన్నాయన కర్ర ఆనించుకుని, ఆ అంచును ఒక కన్నుతో కొలిచి చూసి, "భుజానికి సరిపోయిందప్పా," అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. అక్క ఉండి ఉంటే ఆయన్ను ఒక వారం తిట్టేది.

జీపు ఇప్పటికీ నాలుగంగుళాల ఎత్తులోనే ఉంది. ఇప్పుడు నా మోకాళ్ళు కూడా సమ్మె చేశాయి. పొద్దున్నే పాల క్యాన్లు పెట్టుకుని, జీపును దిబ్బకు ఆనించి, నేనే ఆ వాలు మీద కుంటుకుంటూ ఎక్కి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని "హెయ్, హెయ్" అనుకుంటూ లోపల అడుగు పెడుతున్నాను.

ఆ శుక్రవారం దిబ్బ దగ్గర ఉన్నవాళ్ళం: ఎత్తు ఎంచిన సంత చిన్నాయన, భుజం ఇచ్చిన అక్క కొడుకు, స్టీరింగు దగ్గర నేను, తన కాళ్ళ మీద తానే ఎక్కిన మా పెద్దక్క.