కూలరు తిప్పిన వైపు

పెళ్లి వీడియోలు కూర్చే పని యోగలక్ష్మికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ధర్మపురి బస్టాండు దగ్గర బాలమురుగన్ స్టూడియోలో ఆల్బములకు ఫోటోలు అంటించే పనికి చేరినప్పటికి ఆమెకింకా పెళ్లి కాలేదు. జిగురు ఆరేలోపు, పక్కన కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ల చేతులకేసి చూస్తూ ఉండేది. అలా చూసీ చూసీ, ఒకరోజు మనిషి రాకపోతే తనే కూర్చుని ఒక సీమంతం వీడియో పూర్తి చేసేసింది. బాలమురుగన్ దాన్ని చివరిదాకా చూశాడు. మరునాడు జిగురు డబ్బా ఇంకొకరికి ఇచ్చాడు.

కరోనా రోజుల్లో స్టూడియో మూతపడితే ఆ పాత కంప్యూటరు ఆమె ఇంటికి వచ్చింది. తర్వాత స్టూడియో తెరిచినా అది తిరిగి పోలేదు. ఇంట్లో అత్తగారికి మనిషి తోడు కావాల్సి వచ్చింది మరి. ఆ అత్తగారు, వెంకటలక్ష్మమ్మ, బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది కానీ మెట్లు దిగే యోగం మాత్రం మళ్లీ రాలేదు. వాళ్లు ఉండేది మేడమీద రేకుల గదిలో. యోగలక్ష్మి భర్త ఆంజనేయన్ హోసూరులో కట్టడం పనికి పోయి శనివారాల్లో వచ్చేవాడు. మిగిలిన రోజులన్నీ ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మంచం, ఒక కంప్యూటరు.

వాళ్లది ఎన్నో తరాల కిందట ఈ అరవ సీమకు వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగువాళ్ల పెళ్లి వీడియోలకు కూడా పేర్లు అరవంలోనే వేసేది యోగలక్ష్మి. ఆమెకు తెలుగు రాయడం రాదు, వేయమని అడిగినవాళ్లూ లేరు.

ఆ ఏడు ఎండాకాలం, అరవవాళ్ల చిత్తిరై నెల పుట్టీ పుట్టకముందే కంప్యూటరు మొరాయించింది. పని మధ్యలో తెరమీద పచ్చటి చుక్కలు చల్లినట్టు పడేవి, ఆ వెంటనే అంతా నల్లబడేది. బొమ్మలను నడిపించేది లోపలున్న గ్రాఫిక్స్ కార్డు. అది లేకపోతే గంట వీడియో బయటికి రావడానికి రోజంతా పడుతుంది. మరమ్మతులు చేసే యువరాజ్ వచ్చి చూశాడు.

"అక్కా, ఇదో చూడు, డెబ్బై రెండు డిగ్రీలే చూపిస్తా ఉండాది. కార్డుకు అది వేడే కాదు. వేరే ఏదో తప్పు."

"డెబ్బై రెండు అంటే ఎక్కడి వేడి అబ్బాయి? మొత్తం కార్డుదా?"

"నడిమధ్య పెద్ద చిప్పు ఉంటాదే, దానిది."

"దాని చుట్టూ ఉండే చిన్న చిన్న బిళ్లలు?"

యువరాజ్ కార్డు మీదికి వంగి చూశాడు. "వాటికి ఈ కార్డులో కొలిచేది లేదక్కా. పాతది కదా."

మరునాడు అతనే తన పనిముట్లలోంచి ఒక థర్మామీటరు తెచ్చిచ్చాడు. దానికి దారంలాంటి తీగ, తీగ చివర ఆవగింజంత ముడి. ఆ ముడిని కార్డు వెనకవైపు, సరిగ్గా ఆ మెమరీ బిళ్లలు ఉన్న చోటికి వెనకగా, వేడికి ఊడని పచ్చ టేపుతో అంటించారు. వీడియో నడిపించారు. చిప్పు డెబ్బై రెండు దగ్గరే కదలకుండా ఉంది. తీగ చివర మాత్రం ఎనభై, తొంభై, తొంభై ఆరు. అప్పుడు తెరమీద పచ్చచుక్కలు పడ్డాయి.

"వెనకే ఇంత ఉంటే ముందర నూరు దాటుంటాది," అన్నాడు యువరాజ్.

విప్పి చూస్తే బిళ్లలకూ పైనున్న లోహపు పలకకూ మధ్య ఉండాల్సిన మెత్తటి దిండ్లు ఎండి, నూనె కక్కి, అప్పడాల్లా విరిగిపోతున్నాయి. బిళ్లల వేడి పలకకు అందడం లేదు. కొత్తవి వేశారు. మొదట వేసినవి మందం ఎక్కువై పలక పైకి లేచింది. ఈసారి చిప్పు వేడెక్కడం మొదలుపెట్టింది. మళ్లీ విప్పి పలచనివి వేశాక రెండూ దారికొచ్చాయి. తీగ చివర డెబ్బై రెండు. ఆ సాయంత్రం యోగలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. తల స్నానం చేయించి, అత్తగారి జుట్టు ఆరబెడుతూ పెళ్లికూతురి నడక మీద పాట సరిచూసుకుంది.

కానీ మరునాటి మధ్యాహ్నం అదే వీడియోకు, అదే కార్డుకు, తీగ ఎనభై రెండు చూపించింది. ఆమె ముడిని ఊడదీసి గాలిలో పట్టుకుంది. గది వేడి నలభై ఒకటి. నిన్న సాయంత్రం అలాగే పట్టుకున్నప్పుడు ముప్పై ఒకటి. ఆమెకు సంగతి అర్థమైంది. కార్డు ఎప్పుడూ గది వేడి మీద నలభై ఒక్క డిగ్రీలే ఎక్కుతోంది, పెరిగింది గది వేడే. ఇంక కార్డులో బాగుచేసేది ఏమీ లేదు. వయసైపోయిన ఆ బిళ్లలను ఎనభై దాటనివ్వొద్దని యువరాజ్ చెప్పి ఉన్నాడు. రేకుల కింద ఎండాకాలం గది ఎంత ఎక్కుతుందో ఆమె చేతిలో లేదు.

చేతిలో ఉన్నది ఒక్క కూలరు. నీళ్లు పోస్తే గడ్డి తెరలోంచి చల్లగాలి విసిరేది. ఆంజనేయన్ దాన్ని తల్లి కోసం కొన్నాడు. అది మంచం వైపు చూస్తూ ఉండేది.

"ఏమ్మా, మళ్లా ఆగిపోయిందా?" అని అడిగింది వెంకటలక్ష్మమ్మ మంచం మీదినుంచి.

"ఆగలేదత్తా. ఆగేట్టుగా ఉండాది."

"వేడికేనా?"

"ఆ."

"అట్లయితే ఆ కూలరు దానికి తిప్పు. నాకు విసనకర్ర ఉండాది కదా."

"ఏల అత్తా, మీకు ఉక్కగా ఉంటాది."

"ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ చెరుకు తోటలో ఎండలో పెరిగినదాన్ని. నాకేమవుతాది? తిప్పు అంటే తిప్పు. పని ఆగితే బాలమురుగన్ ఊరుకుంటాడా?"

యోగలక్ష్మి తిప్పింది. కంప్యూటరు పక్క రేకు ఊడదీసి గాలి సూటిగా కార్డుకు తగిలేలా పెట్టింది. తీగ చివర అంకె దిగుతూ వచ్చి డెబ్బై నాలుగు దగ్గర నిలిచింది. అది చూసి సంతోషించిన మాట నిజం. మొదట్లో గంటకొకసారి మంచం వైపు తిప్పేది. ముహూర్తాలు ముమ్మరమై, స్టూడియో నుంచి వరసగా ఫోన్లు రావడం మొదలయ్యాక ఆ గంట రెండు గంటలైంది. తర్వాత మధ్యాహ్నమంతా అది కంప్యూటరు వైపే ఉండిపోయింది. వెంకటలక్ష్మమ్మ ఒక్కనాడూ తిప్పమని అడగలేదు. తడిగుడ్డ ఛాతీ మీద వేసుకుని పడుకునేది.

వేసవి ముదిరిన కత్తెర ఎండల్లో ఒక మధ్యాహ్నం, పాలకోడు టమోటా మండీ వ్యాపారి కూతురి పెళ్లి వీడియో పూర్తి కావాలి. సాయంత్రం బాలమురుగన్ మనిషిని పంపుతానన్నాడు. తాళి కట్టే చోట మేళం సరిగ్గా పడాలి. యోగలక్ష్మి చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, ఆ ఒక్క ముక్కనే ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చుంది. అప్పుడప్పుడు కన్ను తీగ అంకె మీదికి పోయేది. డెబ్బై ఏడు, ఎనభైకి ఇంకా తక్కువే. గట్టిమేళం మోగి, అక్షింతలు పడి, ముక్క చక్కగా అతికింది. వీడియోను బయటికి తీయమని బటను నొక్కింది. హెడ్‌ఫోను తీసి, "అత్తా, అయిపోయింది," అంటూ వెనక్కి తిరిగింది.

వెంకటలక్ష్మమ్మ కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి గానీ మాట మాటలా లేదు. విసనకర్ర కింద పడి ఉంది. యోగలక్ష్మి నుదురు తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది. చెమట లేదు. పొయ్యి మీది పెనంలా పొడిగా కాలుతోంది.

బిందెలో నీళ్లన్నీ అత్తగారి ఒంటి మీద కుమ్మరించింది. కూలరు ఈడ్చుకొచ్చి ముఖానికి పెట్టింది. యోగలక్ష్మి అరుపులు విని కింది వాటా మునియమ్మాళ్ పైకి వచ్చింది, వీధిలో ఆటో ఆపి మగవాళ్లను పిలుచుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. పెద్దాసుపత్రిలో వడదెబ్బ అన్నారు. ఒంటినిండా ఐసు ముక్కలు కట్టిన గుడ్డలు పెట్టారు. ప్రాణం నిలబడింది. కానీ కళ్లు తెరిచిన ముసలామె, తాను ఎక్కడున్నదో, పక్కనున్నది ఎవరో తెలియక బిత్తరచూపులు చూసింది.

ఆంజనేయన్ హోసూరు నుంచి వచ్చేసరికి అతని అక్క పొన్ని తుంబలహళ్లి నుంచి ముందే చేరింది. తల్లి బట్టలు తీసుకురావడానికి ఇంటికి పోయి, గది తలుపు తీసి చూసి వచ్చింది. నీళ్ల మడుగు ఎండిపోయింది. కూలరు మంచం దగ్గరే ఉంది గానీ, దాని కాళ్లు కంప్యూటరు ముందు నుంచి ఈడ్చుకొచ్చిన గీతలు నేలమీద తెల్లగా కనిపిస్తున్నాయి. పొన్నికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఆసుపత్రి వరండాలో ఆమె గొంతు పెంచలేదు. "యోగా, కూలరు ఏడ ఉండింది?" అని అడిగింది.

"కంప్యూటరుకు తిప్పినాను వదినా. అత్తే తిప్పమనింది."

"అమ్మ అంటాది. అమ్మ అన్నిటికీ అంటాది. నువ్వు తిప్పినావు." బట్టల సంచి మూతి ముడేస్తూ, "పిలిచిందా నిన్ను?" అంది.

యోగలక్ష్మి చెవి తడుముకుంది. "తెలీదు వదినా. చెవుల్లో మేళం ఉండింది."

పొన్ని సంచి తీసుకుని లోపలికి పోయింది. ఆంజనేయన్ గోడకు ఆనుకుని అరిచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. భార్యను తిట్టలేదు. ఆనాడే కాదు, తర్వాత కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే తనూ ఏదో ఒకటి అని ఏడ్చి ఉండేదాన్నని ఆమెకు చాలాసార్లు అనిపించింది. అతను శనివారాల్లో వచ్చి, అన్నం తిని, ఆదివారం మధ్యాహ్నానికే బస్సెక్కడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రి నుంచి వెంకటలక్ష్మమ్మను తుంబలహళ్లికి తీసుకుపోయారు. అక్కడ పొన్నిది పెంకుటిల్లు. ఊరి డ్యాము వైపు నుంచి గాలి వస్తుంది. మంచి మాటే అని అందరూ అన్నారు. యోగలక్ష్మి కూడా అంది.

పెళ్లి వీడియో మాత్రం ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. బాలమురుగన్ మనిషి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే, మునియమ్మాళ్ మేడ తలుపు తీసి చూపించిందట. కూలరు గాలి లేకపోయినా కార్డు ఎక్కడా ఆగకుండా పని పూర్తి చేసి పెట్టింది. వ్యాపారి ఇంట్లో అందరూ మెచ్చుకున్నారని బాలమురుగన్ ఫోను చేసి చెప్పాడు. "సరి అన్నా," అని యోగలక్ష్మి ఫోను పెట్టేసింది.

తీగ థర్మామీటరు యువరాజ్‌కు తిరిగి ఇచ్చేసింది. ఉంచుకో అక్కా అన్నా వినలేదు. పని మానలేదు, మానితే జరగదు. మధ్యాహ్నాలు మాత్రం కంప్యూటరు ఆపి, ఖాళీ మంచం పక్కన నేలమీద పడుకునేది. నిద్ర వచ్చేది కాదు. పిలిచి ఉంటుందా, ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది, యోగా అని పిలిచి ఉంటుందా, అమ్మా అని పిలిచి ఉంటుందా అని ఆలోచన అక్కడక్కడే తిరిగేది.

ఆడి నెలలో వానలు పడ్డాక ఒకసారి తుంబలహళ్లి పోయింది. పొన్ని గడపలో నిలబడి, "రా," అని మాత్రం అంది. వెంకటలక్ష్మమ్మ వసారాలో దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. యోగలక్ష్మిని పైనుంచి కిందికి చూసి నవ్వింది.

"పూంగొడీ! ఎన్నాళ్లకు వచ్చినావే. ఎండగా ఉండిందా దోవలో?"

పూంగొడి ఎవరో యోగలక్ష్మికి తెలియదు. పొన్ని వైపు చూసింది. "చిన్నప్పుడు చెరుకు తోటలో జత," అంది పొన్ని, చూపు తిప్పుకుని.

"లేదు, ఎండ లేదు," అని చెప్పి యోగలక్ష్మి పక్కన కూర్చుంది.

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని ఏవేవో తోటల సంగతులు, పాములు, మేస్త్రీ తిట్లు చెబుతూ పోయింది. యోగలక్ష్మి ఊ కొడుతూ ఉంది. కోడలి మాట ఒక్కసారీ రాలేదు. పొన్ని లోపలికి పోయి కాఫీ తెచ్చి, గ్లాసు చేతికి ఇవ్వకుండా తిన్నె మీద పెట్టింది. చల్లారేదాకా అది అక్కడే ఉంది. తర్వాత యోగలక్ష్మి దాన్ని తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నాలుగు గంటల బస్సుకు బయలుదేరింది.